ఎదురు చెప్పిన ఆటగాళ్లు

"ఆట ఉంది సార్, పద్ధతి లేదు."

సెలక్షన్ల దగ్గర ఈ ఒక్క మాటతో ఎంతమంది పిలకాయల ఆట ముగిసిపోయిందో కళ్లారా చూశాను. చంద్రగిరి చుట్టుపక్కల ప్రభుత్వ హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. సున్నంతో గీతలు గీసి, రెండు గుంజలు పాతి నెట్టు కట్టుకుంటే మాకు అదే స్టేడియం. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్ మా పల్లెల ఆటలు. క్రికెట్ తర్వాత వచ్చి అన్నిటినీ పక్కకు నెట్టింది. ఆటలు మారినా ఆ మాట మాత్రం మారలేదు. పద్ధతి లేదంటే ఏమిటండీ అని అడిగితే సెలక్షన్ బల్ల వెనకనుంచి వచ్చే జవాబు కూడా ఒకటే: "ఎదురు చెప్తాడు."

ఎదురు చెప్పిన ఆటగాళ్ల చరిత్ర మన తెలుగువాళ్లకు చాలానే ఉంది. దాన్ని ఎవరూ ఒకచోట పెట్టి చెప్పలేదు. రాజాగారి జట్టులో ఒకరు, రంజీ జట్టులో ఒకరు, బ్యాడ్మింటన్ కోర్టులో ఒకరు, ఇలా విడివిడిగా వార్తలై పోయాయి. వరసగా పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది: వాళ్లలో కొందరికి కోపం ఎక్కువ, కొందరికి నోరు ఎక్కువ, ఒకరిద్దరు తప్పు కూడా చేశారు. కానీ అందరికీ ఉమ్మడిగా లేనిది ఒకటుంది. తమ మాట చెప్పుకునే చోటు.

ఆ చోటు అవసరం అందరికంటే ఎక్కువ ఎవరికి పడుతుందో వాలీబాల్ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. లిఫ్టరుకి. రెండో టచ్ ఎప్పుడూ వాడిదే. స్మాష్ కొట్టినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది, ఆ బంతి ఎవరికివ్వాలో అర క్షణంలో తేల్చింది మాత్రం లిఫ్టరు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ పని దాదాపు ఇదే. గీత బయట నిలబడ్డ కోచ్ ఒక ఎత్తు చెప్పి పంపుతాడు. బంతి చేతికొచ్చే ముందు ఎదుటి జట్టు నిలబడ్డ తీరు చూసి కుర్రాడికి ఇంకోటి తోస్తుంది. వ్యూహం కోచ్‌ది, చూపు ఆటగాడిది. పెద్ద తగాదాలన్నీ అక్కడే పుడతాయి. క్రికెట్‌లో ఆ స్థానం కెప్టెన్‌ది, కొన్నిసార్లు కెప్టెన్ కంటే బాగా ఆడేవాడిది.

క్రికెట్ మా దగ్గరికి వచ్చిన దారిలోనే మా ఊరి పేరు ఉంది. 1639లో చంద్రగిరి రాయల కింద ఏలుతున్న దామెర్ల నాయకుల నుంచే ఇంగ్లీషు కంపెనీ మద్రాసు పట్టణపు నేలను పొందింది. ఆ పట్టా మా రాజమహల్‌లోనే ఖాయమైందని ఇక్కడ పెద్దలు చెప్పుకుంటారు. ఆ ఇసుక నేల మీద ముందు కోట లేచింది, తర్వాత ఊరు, ఆ తర్వాత చెపాక్‌లో తెల్లవాళ్ల మద్రాస్ క్రికెట్ క్లబ్. ఆ క్లబ్బు మీద మొదట తిరగబడింది ఒక తెలుగువాడు. మోతవరపు వెంకట మహీపతి నాయుడు, అందరికీ బుచ్చిబాబు నాయుడు. మైలాపూరు లజ్ హౌస్‌లో పెరిగిన శ్రీమంతుడు. మ్యాచ్ ఆడటానికి వెళ్లిన మనవాళ్లకు పెవిలియన్‌లోకి ప్రవేశం ఉండేది కాదు. దొరలు లోపల భోజనం చేస్తుంటే వీళ్లు చెట్టు కింద తినాలి. బుచ్చిబాబు దీన్ని మింగి ఊరుకోలేదు. 1888లో సొంతంగా మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు, కుర్రాళ్లకు బ్యాట్లూ బట్టలూ కొనిచ్చి ఆట నేర్పించాడు, దొరల జట్టుతో సమానంగా కూర్చునే మర్యాద దక్కేదాకా పట్టుబట్టాడు. 1908లో యూరోపియన్లకూ భారతీయులకూ మధ్య ప్రెసిడెన్సీ మ్యాచ్ మొదలయ్యే వేళకు ఆయన బతికి లేడు. ఆయనకు డబ్బుంది గనక చోటు లేకపోతే చోటు కట్టుకోగలిగాడు. ఆటే ఆస్తిగా ఉన్నవాడి గతి వేరు. అది 1936లో బయటపడింది.

దానికి ముందు సీకే నాయుడు గురించి చెప్పాలి. నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో 1895లో పుట్టాడు. 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎమ్‌సీసీ జట్టు మీద 153 కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. మన దేశానికి టెస్టు ఆడే అర్హత ఉందని అవతలివాళ్లు నమ్మడానికి ఆ ఇన్నింగ్స్ ఒక కారణం. 1932లో మొదటి టెస్టుకు జట్టు లండన్ వెళ్లినప్పుడు కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజు, ఆయన తర్వాతివాడుగా లింబ్డీ సంస్థానం వారు. పోర్‌బందర్ మహారాజు తన ఆట సంగతి తనకు తెలిసినవాడు. టెస్టు రోజున పక్కకు తప్పుకున్నాడు, లింబ్డీ వారికి గాయం, అలా సీకే చేతికి జట్టు వచ్చింది. పదవి వదులుకున్న ఆ మహారాజుకు మన చరిత్రలు ఇవ్వవలసినంత గౌరవం ఇవ్వలేదని నా అభిప్రాయం.

నాలుగేళ్ల తర్వాత అలాంటి పెద్దమనసు కనపడలేదు. 1936 పర్యటనకు కెప్టెన్‌ని ఓట్లతో ఎన్నుకున్నారు. నెగ్గింది విజయనగరం మహారాజకుమార్, సర్ విజయానంద గజపతిరాజు, ప్రపంచానికి విజ్జీ. తెలుగు రాజవంశం, కాపురం కాశీలో. ఆట మీద ఆయనకున్న ప్రేమను నేను శంకించను. 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్‌ల వంటి మహానుభావులను మన దేశానికి రప్పించి ఆడించినవాడు ఆయన. కానీ ప్రేమ ఉన్నంత మాత్రాన కెప్టెన్సీ రాదు. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి 33 పరుగులు చేశాడు. ఆ జట్టులోనే సీకే, ఆయన తమ్ముడు సీఎస్ నాయుడు, బుచ్చిబాబు కొడుకు కోటా రామస్వామి ఉన్నారు. మాతామహుల ఇంటికి దత్తు పోవడంతో ఆయన ఇంటిపేరు మారింది. 40 ఏళ్ల వయసులో తొలి టెస్టు ఆడిన రామస్వామి మాంచెస్టర్‌లో 40, 60 చేశాడు. అంటే ఆ పర్యటనలో నలుగురు తెలుగువాళ్లున్నారు. ఒకరిది పదవి, ముగ్గురిది ఆట.

గొడవ మాత్రం పంజాబీ కుర్రాడితో వచ్చింది. లాలా అమర్‌నాథ్ 1933లో మన దేశం తరపున మొదటి టెస్టు సెంచరీ కొట్టినవాడు. ఈ పర్యటనలో ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు చేశాడు, పరుగులూ వికెట్లూ రెండూ ఆయనవే. ఒళ్లు నొప్పిగా ఉంది, విశ్రాంతి కావాలని అడిగితే ఇవ్వలేదు. జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో మ్యాచ్. తర్వాత నువ్వే, ప్యాడ్లు కట్టుకోమన్నారు. కట్టుకున్నాడు. వికెట్టు పడింది, వేరేవాణ్ణి పంపారు. ఇంకోటి పడింది, ఇంకొకణ్ణి పంపారు. ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నవాడి అవస్థ ఆడినవాళ్లకే తెలుస్తుంది. కాళ్లు బిగుసుకుపోతాయి, చేతులు చల్లబడతాయి, చూపు బంతి మీద నిలవదు. ఆటకు సిద్ధమైన మనిషిని అలా కూర్చోబెట్టడం శిక్షలన్నిటిలోకీ అవమానకరమైంది, పైగా అది శిక్ష అని ఎక్కడా రాసి ఉండదు. పొద్దు ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఆయన్ను పంపారు. తిరిగొచ్చి ప్యాడ్లు విప్పి పెట్టెలోకి విసిరేశాడు. పంజాబీలో ఘాటుగా నాలుగు మాటలన్నాడు.

అంతే. కెప్టెన్, మేనేజర్ మేజర్ బ్రిటన్-జోన్స్ కలిసి ఆయన్ను మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా ఓడెక్కించి పంపించేశారు. తోటి ఆటగాళ్లు బతిమాలినా ప్రయోజనం లేకపోయింది. నేరం మోపినవాళ్లూ తీర్పు చెప్పినవాళ్లూ ఒక్కరే. విజ్జీ తనకు గిట్టని విజయ్ మర్చంట్‌ని రనౌట్ చేయిస్తే బంగారు గడియారం ఇస్తానని ముస్తాక్ అలీకి ఆశపెట్టాడన్న కథ కూడా ఆ పర్యటనదే. ఆ ఇద్దరూ మాంచెస్టర్‌లో మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించారు. సీకే తన ఆఖరి టెస్టు ఇన్నింగ్స్‌లో దెబ్బ తగిలిన ఒంటితో ఓవల్‌లో 81 చేశాడు. సిరీస్ 2–0తో పోయింది.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ కమిటీ విచారణ జరిపి, 1937 జనవరిలో నివేదిక ఇచ్చింది. అమర్‌నాథ్ మీద పడ్డ మచ్చ తుడిచేసింది. కెప్టెన్‌కు ఫీల్డింగ్ అమర్చడం, బౌలర్లను మార్చడం తెలియలేదనీ, బ్యాటింగ్ వరస నిలకడగా పెట్టలేదనీ తేల్చింది. ఆటగాడి మాట ఒకరు కూర్చుని విన్నారు, రాశారు. మన ఆటల చరిత్రలో అలా జరగడమే అరుదు. కానీ తీర్పు వచ్చేసరికి పర్యటన ముగిసి నెలలు గడిచాయి, ఆపైన యుద్ధం వచ్చింది. అమర్‌నాథ్ మళ్లీ టెస్టు ఆడింది 1946లో. ఒక ఆటగాడి జీవితంలో పదేళ్లంటే దాదాపు మొత్తం జీవితమే. 1949లో బోర్డు పెద్దలు మళ్లీ ఆయన మీద క్రమశిక్షణ పేరుతో వేటు వేశారు. ఒకసారి ముద్ర పడ్డవాడి మీద రెండోసారి వేయడం సులువు.

విజ్జీ తర్వాత బోర్డు అధ్యక్షుడయ్యాడు, పద్మభూషణ్ అందుకున్నాడు, విశాఖపట్నం నుంచి లోక్‌సభకూ వెళ్లాడు. సీకే హోల్కర్ జట్టును రంజీ విజేతగా నిలబెడుతూ వచ్చాడు. 1953లో ఆంధ్ర జట్టు రంజీలోకి కొత్తగా అడుగుపెడితే దానికీ కెప్టెన్‌గా నిలబడ్డాడు, యాభై ఎనిమిదేళ్ల వయసులో. ఇవాళ తిరుపతి యూనివర్సిటీ నుంచి సౌత్ జోన్ జట్టుకు ఎంపికైన కుర్రాడు ఆడేది విజ్జీ ట్రోఫీ. అదే కుర్రాడు ఆంధ్ర అండర్-23కి ఎంపికైతే ఆడేది కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ. ఒకప్పుడు ఒకే డ్రెస్సింగ్ రూములో ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరి పేర్ల మీదుగా మన కుర్రాడి దారి సాగుతుంది. కప్పు చేత్తో పట్టుకున్నవాళ్లలో ఆ కథ తెలిసినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. ఏ కోచింగ్ క్యాంపులోనైనా మొదటి రోజు పరుగు పెట్టించే ముందు ఈ కథ చెప్పాలి.

ఆటగాడిని అణచకుండా తీర్చిన గురువులు మనకు లేకపోలేదు. అందరిలోకీ నేను మొక్కేది సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌కి. ఆయన మొదట బడిపంతులు, మా డ్రిల్లు మాస్టర్ల కులమే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది ఆయన చేతిమీదుగా. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానం దాకా వెళ్లింది. 1962 జకార్తాలో, క్యాన్సర్ ఒంట్లో పెట్టుకుని, ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి గోలు కొట్టించాడు.

ఆయన పద్ధతుల్లో నాకు బాగా నచ్చినవి రెండు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో ఒక పోటీ పెట్టేవాడు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని ఇంకో పోటీ పెట్టేవాడు. బంతి వదలని కుర్రాణ్ణి నువ్వు స్వార్థపరుడివి అని తిట్టడం అందరికీ చాతనవుతుంది. రహీం సాబ్ తిట్టలేదు, వాడు పాస్ ఇవ్వక తప్పని ఆట కనిపెట్టాడు. అలవాటును సరిదిద్దాడు, మనిషిని కించపరచలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి గ్రౌండుకు వచ్చే స్తోమత లేని తులసీదాస్ బలరాంకు సైకిలు అద్దెకు డబ్బిచ్చి రప్పించుకున్నాడు. ఆ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. కోచ్ పనీ, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పదవీ రెండూ రహీం సాబ్ చేతిలోనే ఉండేవి. ఆయన మంచివాడు కనక ఆ అధికారం ఆటగాళ్ల మేలుకు పనికొచ్చింది. 1963లో ఆయన పోయాక హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆ ఎత్తు మళ్లీ చూడలేదు. ఆయన మంచితనం కాగితం మీద నియమంగా మారి ఉంటే కొంతైనా మిగిలేదేమో.

ఇక అంబటి రాయుడు. గుంటూరులో పుట్టి హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్నాడు. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ అండర్-19 జట్టు మీద 177 నాటౌట్. ఆ సీజన్లోనే రంజీలో ఆంధ్ర మీద ఒక ఇన్నింగ్స్‌లో 210, రెండో దాంట్లో 159 నాటౌట్. 2004 అండర్-19 ప్రపంచకప్‌కు కెప్టెన్. సచిన్ తర్వాత ఇతనే అన్నారు. 2005లో హైదరాబాద్ కోచ్‌తో పొసగక ఆంధ్రకు మారాడు. అదే సీజన్లో అనంతపురంలో రెండు జట్ల మధ్య రంజీ మ్యాచ్‌లో హైదరాబాద్ ఆటగాడొకరు వికెట్టు పీకి రాయుడి మీదికి వెళ్లాడు. అవతలి కుర్రాడు హైదరాబాద్ క్రికెట్ సంఘంలో పెద్ద పదవి చూసిన మాజీ టెస్టు ఆటగాడి కొడుకు. మా రాయలసీమ గడ్డ మీద జరిగింది గనక ఆ రోజుల్లో మా స్టాఫ్ రూముల్లో ఇదే చర్చ. చాలామంది "ఆ పిల్లోడికి తలకాయ ఎక్కువ" అనేవాళ్లు. కొట్టబోయినవాడి సంగతి మాట్లాడినవాళ్లు తక్కువ.

రాయుడికి కోపం లేదని నేననను. 2018లో అంపైర్లతో గొడవపడినందుకు బోర్డు రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది, అది న్యాయమే. కానీ 2007లో బోర్డు గుర్తించని ఐసీఎల్ లీగ్‌కు వెళ్లి దేశపు జట్టు తలుపులు తనకు తానే మూసుకున్నాడంటే, ఇరవై రెండేళ్ల కుర్రాడు ఎంత విసిగితే ఆ పని చేస్తాడు? 2009లో బోర్డు క్షమించింది, బరోడాకు పోయి ఆడి, 2013లో దేశం టోపీ పెట్టుకున్నాడు. 55 వన్డేల్లో 1,694 పరుగులు, సగటు 47.05. 2019 ప్రపంచకప్‌కు పక్కన పెట్టింది గుంటూరు జిల్లాకే చెందిన ఎమ్మెస్కే ప్రసాద్ నాయకత్వంలోని సెలక్షన్ కమిటీ. రాయుడి బదులు తీసుకున్నవాడికి మూడు కోణాలున్నాయని ప్రసాద్ చెప్తే, ఆ కోణాలు చూడటానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీట్ చేశాడు. దేశమంతా నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. పదిహేనేళ్లుగా మాట వినేవాడు దొరకని మనిషి వీధిలో నిలబడి మాట్లాడటం అది. జులైలో ఆట మానేశానన్నాడు, ఆగస్టులో మళ్లీ ఆడతానన్నాడు.

ఇదే దారిలో బ్యాడ్మింటన్‌లో గుత్తా జ్వాల. 2010 కామన్వెల్త్ క్రీడల్లో అశ్వినీ పొన్నప్పతో కలిసి డబుల్స్ బంగారం, 2011లో ప్రపంచ పోటీల్లో కాంస్యం. ఆమె ఫిర్యాదు మొదటినుంచీ ఒకటే: జాతీయ ముఖ్య కోచ్ పదవి, ఎంపికలో మాట, సొంత అకాడమీ, ఈ మూడూ ఒక్కరి దగ్గర ఉండకూడదు. ఆ ఒక్కరు పుల్లెల గోపీచంద్. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, అకాడమీ పెట్టి, 2012లో సైనాకు, 2016లో సింధుకు ఒలింపిక్ పతకాలు దక్కేలా చేసిన గురువు. ఆయన శ్రమకు చేతులెత్తి మొక్కుతూనే జ్వాల ప్రశ్న సరైనదని నేనంటాను. గోపీచంద్ ఎంత నిజాయితీపరుడైనా ఆ ప్రశ్న సరైనదే, ఎందుకంటే ప్రశ్న మనిషి గురించి కాదు, కుర్చీల గురించి. 2013లో లీగ్ మ్యాచ్‌లో ఆటగాడి మార్పు మీద రేగిన గొడవకు బ్యాడ్మింటన్ సంఘం క్రమశిక్షణ కమిటీ ఆమెకు జీవితకాల నిషేధం వేయాలని సిఫారసు చేసింది. మ్యాచ్ కాసేపు ఆగినందుకు జీవితకాలం! ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ఆడే హక్కు తెచ్చుకుంది. మరుసటి ఏడాది సైనా కూడా హైదరాబాద్ వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్లింది, 2017లో తిరిగొచ్చింది. వెళ్లడానికి వేరే ఊళ్లో వేరే గురువు ఉన్నాడు గనక ఆ కథ కోర్టుదాకా పోకుండా మర్యాదగా నడిచింది.

పెద్దవాళ్ల కథలు పేపర్లకెక్కుతాయి. మా దగ్గరివి ఎక్కవు. చంద్రగిరి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన లిఫ్టరు కుర్రాడొకడు నాకు ఎప్పటికీ గుర్తుంటాడు. వేళ్లు పొడవు, చప్పుడు కాకుండా బంతి తీసేవాడు. ఒక పోటీలో జట్టు వేరే కోచ్ చేతిలో ఉంది. బంతి ప్రతిసారీ నాలుగో స్థానంలో ఉన్న పొడుగు కుర్రాడికే ఎత్తాలని ఆయన ఆజ్ఞ. ఎదుటివాళ్లకు అది తెలిసిపోయి బ్లాకర్లిద్దరూ అటే కాపు కాశారు. మావాడు నాలుగు వైపే చూస్తూ, నడుము వెనక్కి వంచి, తల మీదుగా రెండో స్థానానికి బంతి పంపాడు. అక్కడ నెట్టు మీద ఒక్క చెయ్యి లేదు. పాయింట్ వచ్చింది. మరుసటి సర్వీసుకు ముందే కోచ్ వాణ్ణి బయటికి లాగి కూర్చోబెట్టాడు. జిల్లా జట్టు పేర్లు చదివినప్పుడు వాడి పేరు లేదు. ఆట ఉంది, పద్ధతి లేదు.

సాయంత్రం బస్టాండు దగ్గర పట్టుకుని అడిగాను. "ఆయన చెప్పింది ఒకటి, నువ్వు చేసింది ఒకటి. ఏందిరా అది?"

"ఇద్దురూ నాలుగు కాడే ఉండారు సార్. నాకు కనపడతా ఉంది. ఆయప్ప కుర్చీలో కూచోనుండాడు, ఆయప్పకు కనపడదు."

"టైమవుట్‌లో చెప్పొచ్చు కదా."

"చెప్తే ఎదురు మాట్లాడతావా అంటారు సార్. చెప్పకుండా ఆడితే పొగరంటారు. ఇంగ నేనేం జేసేది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, సెలక్షన్ కమిటీ దగ్గరా లేదు, మొత్తం జిల్లాలో ఎవరి బల్ల మీదా లేదు. వాడు ఇప్పుడు రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతున్నాడు. ఆదివారాలు వాలీబాల్ ఆడుతున్నాడు, ఇంకా వెనక్కి లిఫ్టు ఇస్తున్నాడు.

2024 ఫిబ్రవరిలో హనుమ విహారి మాట చదివినప్పుడు నాకు ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. కాకినాడలో పుట్టిన విహారి దేశం తరపున 16 టెస్టులు ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసిన కాలితో అశ్విన్ తోడుగా తానొక్కడే 161 బంతులు అడ్డుకుని మ్యాచ్ కాపాడాడు. 2023లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్ ఫైనల్లో ఎడమ మణికట్టు విరిగితే, కుడిచేతివాటం మనిషి ఎడమవైపు తిరిగి నిలబడి ఒంటిచేత్తో ఆంధ్ర కోసం బ్యాట్ ఊపాడు. జట్టు కోసం ఇంతకంటే ఏం చేస్తారు? అలాంటివాడు మరుసటి సీజన్ మొదటి మ్యాచ్ అయ్యీ కాకముందే కెప్టెన్సీ వదిలాడు. మధ్యప్రదేశ్ మీదే క్వార్టర్ ఫైనల్ నాలుగు పరుగులతో పోయాక అసలు సంగతి ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు: జట్టులో ఒక కుర్రాడి మీద అరిచాననీ, అతను తన తండ్రి అయిన రాజకీయ నాయకుడికి చెప్పాడనీ, తనతో రాజీనామా చేయించారనీ. ఆ తండ్రి మా తిరుపతి వైపు మనిషేనని పేపర్లు రాశాయి. ఆ కుర్రాడు అదంతా అబద్ధమని తన వైపు మాట తాను రాశాడు. విహారి భాష బాగాలేదని తమకు ఫిర్యాదులొచ్చాయని ఆంధ్ర క్రికెట్ సంఘం చెప్పింది. తోటి ఆటగాళ్లు విహారి పక్షాన సంతకాలు చేశారు.

ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. నన్ను బాధపెట్టింది ఆ తర్వాతి సంగతి. ప్రభుత్వం మారింది, కొత్త మంత్రి లోకేశ్‌ను కలిశాక విహారి ఆంధ్రకే ఆడతానన్నాడు. టెస్టు ఆటగాడికి తన రాష్ట్రపు జట్టులో గౌరవంగా నిలబడటానికి ఎన్నికల ఫలితం కావాల్సి వచ్చింది. ఇందులో ఏ పార్టీ తప్పు అన్నది చిన్న విషయం. 1936లో అమర్‌నాథ్ మాట వినడానికి ఒక హైకోర్టు న్యాయమూర్తి కూర్చున్నాడు. 88 ఏళ్ల తర్వాత విహారి మాట వినడానికి అలా కూడా ఎవరూ కూర్చోలేదు. 2025లో అతను త్రిపురకు మారిపోయాడు.

అలా మారాలన్నా ఎన్‌ఓసీ కావాలి, అంటే ఎవరితో పొసగలేదో వాళ్ల సంతకమే కావాలి. అమెరికా కాలేజీల్లోనూ ఒకప్పుడు ఇదే తీరు. బేకర్ మేఫీల్డ్ అనే క్వార్టర్‌బ్యాక్ 2013 సీజన్ తర్వాత టెక్సస్ టెక్‌లో కోచ్‌తో పొసగక ఓక్లహామాకు మారితే ఒక సీజన్ కూర్చోబెట్టారు, ఆడే హక్కులో ఏడాది కోసేశారు. 2016లో ఆ కాలేజీల కూటమి (కాన్ఫరెన్స్) నియమం మార్చుకుని ఏడాది తిరిగిచ్చింది. 2017లో ఆ కుర్రాడే కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద బహుమతి హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. వాడు నోటి దురుసు ఉన్నవాడే, ఒక మ్యాచ్ గెలిచిన రోజున ఎదుటి జట్టు మైదానం నడుమ తమ జెండా గుచ్చి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. 2018 నుంచి అక్కడ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, ఆటగాడు తన పేరు అందులో పెడితే వేరే కోచ్‌లు పిలుచుకోవచ్చు. డబ్బు వచ్చి అందులోనూ చెడుగులు చేరాయి. అయినా కోచ్ చేతిలో ఒక్కడి బతుకు ఇరుక్కుపోయే స్థితి పోయింది.

మన దగ్గర 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. ఆటగాళ్ల కమిటీలు, క్రీడా వివాదాలకు ప్రత్యేక ట్రిబ్యునల్ అందులో ఉన్నాయి. మంచిదే. కానీ మా లిఫ్టరు కుర్రాడు ఢిల్లీ ట్రిబ్యునల్‌కు పోడు, వాడికి తిరుపతి బస్సు చార్జీయే భారం. నేను అడిగేది చిన్నది, జిల్లా స్థాయిలో రేపే చేయగలిగింది. సెలక్షన్ జరిగిన సాయంత్రమే ప్రతి కుర్రాడికీ వేసిన మార్కులు గ్రౌండు గోడ మీద అంటించాలి. పేరు కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో పక్కన ఒక్క వాక్యం రాయాలి. "పద్ధతి లేదు" అని రాసేవాడు ఏ రోజు, ఏ మ్యాచ్‌లో, ఏం చేశాడో కూడా రాసి కింద సంతకం పెట్టాలి. కుర్రాడి జవాబు రాయడానికి ఆ కాగితంలోనే నాలుగు గీతల జాగా వదలాలి. సెలక్షన్ చేసిన కోచ్ కాకుండా వేరే మండలం నుంచి ఇద్దరు డ్రిల్లు మాస్టర్లు వారం లోపల ఆ కాగితాలు చదవాలి. రిటైరైనవాళ్లం ఊరికే ఉన్నాం, జీతం అక్కర్లేదు, పిలిస్తే వస్తాం.